మన్నెగూడ బండ్లబాట

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు బోవు మార్గమున లాల్‌బహదూరునగరు కూడలి దాటినంతనే గూడల వరుస ప్రారంభమగును. గుర్రంగూడ, రాగన్నగూడ, మన్నెగూడ, శేరిగూడ; వీని నడుమ ఇంజాపురము, తుర్కయంజాలు, బొంగుళూరు. పేరునుబట్టి యోచించిన నివన్నియు నాలుగు గుడిసెలు, ఒక చింతచెట్టు, ఒక చేదబావి గల పల్లెలని తోచును. ఒకప్పుడట్లే యుండెను కాబోలు. నేడు బస్సు కిటికీనుండి చూచువారికి ఒక గూడ యెచట ముగిసినదో, వేఱొక గూడ యెచట మొదలైనదో తెలియదు. ఇండ్లస్థలముల హద్దురాళ్లు, ఇటుకల కుప్పలు, కళాశాలల పసుపుపచ్చని బస్సులు, పెండ్లిమండపములు, కొబ్బరిబోండములు, మధ్య మధ్య నెవ్వరును దున్నక విడిచిన చెలకలు — బాట యంతయు నొకే యూరివలె నల్లుకొని పోయినది. ఇంకను ముందునకు బోయిన యెడల ఇబ్రహీంపట్నము, దాని పెద్ద చెఱువు. పదునాఱవ శతాబ్దమున గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరున వెలసిన యూరది. ఆ చెఱువుకట్టమీద నిలిచి సాయంకాలపుగాలి పీల్చుకొనుటకు చాలమంది పోవుదురు. మన్నెగూడకు మాత్ర మట్టి వేడుకకై యెవ్వరును పోరు. బండికి పనిబడిన వారే పోవుదురు.

సోదరీమణులు పొరబడకుందురు గాక! వికారాబాదు బోవు దారిలో మఱియొక మన్నెగూడ కలదు. ఆ దారి కిరువైపుల గల ముసలి మఱ్ఱిచెట్లను గూర్చి పత్రికలలో తఱచుగ వ్రాయుదురు. మేము చెప్పునది యది కాదు. ఈ సాగరు బాటమీది మన్నెగూడకు మఱ్ఱిచెట్ల ప్రతిష్ఠ లేదు. రవాణాశాఖవారి కార్యాలయ మున్నది. అది యుండుటచేత నూరి యాకారమే మాఱినది. దరఖాస్తులు వ్రాయువారు, నకళ్లు తీయువారు, ఫొటోలు తీయువారు, భీమా కాగితము లమ్మువారు, నంబరు పలకలు బిగించువారు, గాలి కొట్టువారు, పంక్చరు లతుకువారు, చాయ్ కాచువారు — వీరందఱకును ఆ కార్యాలయమే పంటపొలము. ప్రొద్దున పది గంటలవేళ నచట నిలిచినచో పలు విధములైన బండ్లు కన్నులయెదుటికి వచ్చును. అప్పుడే యంగడినుండి వెడలి పూలమాలతో నున్న కారు, తాపీపనికి నీళ్లు మోయు ట్యాంకరు, కూరగాయల ట్రాలీ, బడిపిల్లల వ్యాను. పలకల మీద మూడు విధములైన యక్షరములు: 2014కు పూర్వపు బండ్లకు ఏపీ, ఆ పిమ్మటి వానికి టీఎస్, 2024 మార్చినుండి వచ్చినవానికి టీజీ. చరిత్ర పుస్తకము తెఱవకయే పదేండ్ల చరిత్రను బండ్ల వెనుక చదువుకొనవచ్చును.

మాకు మిక్కిలి సంతోషము గలిగించినది వేఱొకటి. పరీక్ష నిచ్చుటకు వచ్చిన వారిలో స్త్రీలు కొల్లలుగా నుండిరి. స్కూటరు పరీక్షకు వచ్చిన యొక యువతి చీరకొంగు నడుమునకు బిగించి, కాళ్లు నేల నానకుండ ఎనిమిది యంకె చుట్టు తిరిగి వచ్చినప్పుడు ప్రక్కనున్న వారెవ్వరో చప్పట్లు చఱచిరి. ఆమె తల్లి కాబోలు, చెప్పులు చేతబట్టుకొని గట్టున నిలిచి, కొమార్తె క్రిందికి దిగువఱకును ఊపిరి బిగబట్టియే యుండెను.

ఇక మేమేల పోయితిమో చెప్పవలయును. మన దేశపు నిబంధన ననుసరించి సొంతకారునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు. ఆ పిమ్మట బండిని చూపించి, బాగున్నదనిపించుకొని, యైదేండ్ల కొకమాఱు పొడిగించుకొనవలయును. కిరాయిబండ్లకు నియమము కఠినతరము: మొదటి యెనిమిదేండ్లు రెండేండ్ల కొకమాఱు, అటుతరువాత ప్రతిసంవత్సరము యోగ్యతాపత్రము పొందవలయును. మా యింటి కారునకు పదునైదేండ్లు నిండవచ్చినవి. దాని పేరు చెప్పము. దానిని చేసిన వారు చేయుట మాని చాలకాల మైనదని మాత్రము చెప్పుదుము. అమ్మివేయుడని బంధువులు చెప్పక పోలేదు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, డెబ్బదియెనిమిదేండ్ల వయస్సు, వారమునకు రెండుమాఱులు వైద్యునియొద్దకు గొనిపోవలయును. బస్సు మెట్టు ఆమె కొక కోటబురుజు. క్రొత్తకార్లకు మెట్టెత్తు హెచ్చు. మా పాతబండి లోతట్టుగ నుండి, ఆమె తానై కూర్చుండి, తానై లేవగల్గుచున్నది. ఈ బండి పోయిన నామె బయటి తిరుగుడు సగము పోవును. అందుచేత దానిని నిలుపుకొనవలెనని మా పట్టుదల.

మాతో మా వీధిలోని యొక సోదరియు వచ్చినది. ఆమె భర్త ట్రాలీ ఆటోలో కూరగాయలు తోలును; లెక్క లామెవి. ఆ బండికిని యోగ్యతాపత్రము గడువు దగ్గఱపడినది. గడువు దాటినచో బండి బయటికి తీయరాదు. బండి తీయనినాడు పొయ్యి రాజదు. కార్యాలయమునకు బోవుటకు ముందే బాటప్రక్క నొక మెకానిక్కునకు రెండు బండ్లను చూపించితిమి.

ఆతడు ముందుగా చేయి పెట్టినది ఇంజనుమీద గాదు, టైరుమీద. "అమ్మా, గివి గుండయిపోయినయ్. లోపల గీత సూడుండ్రి" అని వ్రేలితో చూపెను. టైరు గాడిలోతున నచ్చటచ్చట చిన్న గట్టులుండును. గాడి యరిగి యరిగి యా గట్టుతో సమమైనప్పుడు టైరు పని తీఱినట్లు. ఆ కొలత కారులకు 1.6 మిల్లీమీటరులు, అంతకు తక్కువ యైనచో చట్టమును ఒప్పదు, వానయును ఒప్పదు. గాడులున్నది అందమునకు గాదు. చక్రమునకు రోడ్డునకు నడుమ జేరిన నీటిని ప్రక్కలకు నెట్టివేయుట వాని పని. గాడి లేని టైరు తడిరోడ్డుపై నీటిమీద తేలిపోవును. అప్పు డెంత బ్రేకు త్రొక్కినను బండి యాగదు.

మఱియొక సంగతియు నాత డెఱిగించెను. ఇది మన స్త్రీలందఱును నేర్వదగినది. పప్పుడబ్బాపై తేదీ చూచినట్లే టైరుమీదను తేదీ చూడవచ్చును. టైరు ప్రక్కభాగమున నాలుగంకెలు కోడిగ్రుడ్డు ఆకారపు చట్రములో నచ్చువేసి యుండును. మొదటి రెండంకెలు వారము, తరువాతి రెండంకెలు సంవత్సరము. 2319 యని యున్నచో 2019వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున పుట్టినదని యర్థము. తక్కువ తిరిగిన బండికి గాడులు క్రొత్తవివలె నుండియు రబ్బరు ముసలిదై, ప్రక్కల సన్నని నెఱ్ఱెలు వాఱును. మా కారు టైరులు నట్టివే. ఇంటియెదుట నెండకు నిలిచిన బండికి తిరిగిన బండికంటె ముందే వార్ధక్యము వచ్చునట!

టైరులు దొరకినవి. దొరకనిది బ్రేకు సిలిండరు. చక్రమును బట్టి నిలుపుటకు నూనెను త్రోయు చిన్న యినుపగొట్ట మది, అరచేతిలో నిముడును. ఆ గొట్టము లేక మా బండి పదునాఱవ యేట నడుగిడజాలకున్నది. మెకానిక్కు చెప్పిన మాటలు యథాతథముగ వ్రాయుచున్నాము: "గీ బండి చేసుడే బందయింది. సామాను యాడికెల్లి వస్తది? రాణీగంజ్‌ల అడిగిన, పుత్లీబౌలిల అడిగిన, ఆటోనగర్‌ల పాతసామాన్ల కుప్పలు గూడ ఎతికిన. డూప్లికేటు దొరుకుతది గని నేనైతే ఎయ్య. బ్రేకు గద!"

చివరి మాట విని మాకు వానియందు గౌరవము గలిగినది. రాణీగంజి, పుత్లీబౌలి నగరమున బండి సామానులకు పేరెన్నిక గన్న బజారులు. ఆటోనగరు మన్నెగూడకు మిగుల దూరము గాదు. వనస్థలి జింకలవనము చెంత నున్నది. పాతబండ్లను విప్పి, పనికివచ్చు నవయవమును పనికివచ్చినంతకు అమ్ముదురు. మన యిండ్లలో జరీ చీర చినిగిన పిమ్మట జరీ వేఱుగ, గుడ్డ వేఱుగ నమ్మినట్లే. అచట దొరకని వస్తువు మఱెక్కడ దొరకును? కోయంబత్తూరున నొకచోట నున్నదేమో యని ఫోనుచేసి, డబ్బు పంపి, పార్సెలుకై కాచుకొని యుండవలసినదే.

ఇంతలో మఱియొక దుకాణమువాడు మా సోదరిని చేరబిలిచి, సగము వెలకు టైరు లిత్తునని చూపెను. నిగనిగలాడుచున్నవి, గాడులు లోతుగ నున్నవి. మా మెకానిక్కు దూరమునుండియే తల యడ్డముగ నాడించెను. అరిగిన టైరును తెచ్చి, వేడికత్తితో గాడులు మరల గీసి, నల్లరంగు పూసి, "కొత్తదే అనుకోండమ్మా" యని యమ్ముట యచ్చటచ్చట గల మోసమే. గీసిన కొలది లోపలి దారపుపొర దగ్గఱపడును. ఎండలో బరువుతో పరుగిడునప్పుడు పగులును. దీనిని శాస్త్రోక్తముగ చేయు రీట్రెడింగుతో కలిపి చూడరాదు. రీట్రెడింగులో మంచి యొడలు గల టైరునకు క్రొత్త రబ్బరు తొడిగి యావిరిపై నుడికింతురు; రోడ్డు రవాణాసంస్థలవారును తమ బస్సులకు దీనిని చేయించి, అట్టివానిని వెనుకచక్రములకు వాడుదురు. ముందుచక్రములకు క్రొత్తవే వేయుదురు. దారి త్రిప్పునవి యవి గనుక.

మా సోదరి కొంచెముసేపు నిలిచి, చేతిసంచిలోని నోట్లు మరల లెక్కించుకొనెను. "అక్కా, రెండు కొత్తవి కొంటె ఈ నెల పిల్లల ఫీజు ఆగుతది. సగం ధరవి ఏస్తె నాలుగు నెలలు నడుస్తయేమో" అనెను. ఆ మాటకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. నీతులు చెప్పుట సులభము. ఆ టైరుమీద తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరి మార్కెట్టునకు బోవువాడామె భర్త. ఆమెకది మాకంటె బాగుగ తెలియును. చిట్టచివర కామెయే తీర్మానించినది: ముందుచక్రమునకు క్రొత్తది, వెనుకచక్రములలో నొకదానికి క్రొత్తది; మూడవది ఇంకను గట్టువఱకు అరుగలేదు గనుక దసరావఱకు నడపుట. మెకానిక్కును దాని కొప్పుకొనెను.

టైరు మార్చుచున్నంతసేపును చాయ్‌దుకాణపు వేపచెట్టునీడన మా అత్తగారిని కూర్చుండబెట్టితిమి. ఊరివాడగు నొక వృద్ధుడు ప్రక్క బల్లమీద కూర్చుండి చక్రములు విప్పుట చూచుచు, తన చిన్ననాట బండిచక్రమునకు పట్టా వేయు విధము చెప్పెను. ఇరుసు, ఆకులు, పూటీలు, కడచీల — ఈ మాటలు మన బిడ్డలకు తెలియనేల తెలియవు. వడ్రంగి చక్రము కూర్చి యిచ్చిన పిదప, కమ్మరి దానికంటె రవంత చిన్నదిగా నినుప పట్టా చేయును. పిడకలు చుట్టు పేర్చి దానిని ఎఱ్ఱగా కాల్చిన యెడల నినుము సాగి పెద్దదగును. నలుగురు పట్టుకారులతో నెత్తి చక్రమునకు తొడిగి, వెంటనే నీళ్లు గ్రుమ్మరింతురు. పొగ, యావిరి, కఱ్ఱకాలిన వాసన! చల్లాఱిన పట్టా ముడుచుకొని పూటీల నొకదానితో నొకటి బిగించివేయును. మేకుతో పనియే లేదు. పిడకలు ఆడువారు చఱచినవి. నీళ్లు ఆడువారు తెచ్చినవి. ఆముదమును బూడిదను కలిపి కందెన చేయుటయు నింటి పనియే. ఆ చక్రమునకు కావలసిన వస్తు వొక్కటియు నూరు దాటి రానక్కఱలేదు. కోయంబత్తూరు పార్సెలుకై కాచుకొనువారము గనుక మాకీ మాట గట్టిగ తగిలినది. అట్లని యా కాలము మరల రావలెనని కోరువారము గాము. ఆ బండిమీద ప్రసవవేదన పడుచు పట్టణపు టాసుపత్రికి బయలుదేరి, దారిలోనే కన్నుమూసిన తల్లుల కథలును మా యిండ్లలో వినియే యున్నాము.

గాలి నింపిన రబ్బరు చక్రము 1888లో ఐర్లాండులోని బెల్‌ఫాస్టు పట్టణమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్లమీద కుదుపకుండుటకై చేసినది. అంతకు పూర్వమే 1845లో థామ్సన్ అను నాయన కట్టి యూహ తట్టినది గాని, అప్పటికి సైకిళ్లు లేవు. ఊహ వాడుకలో నిలువలేదు. బిడ్డ యాటబండికై పుట్టిన వస్తువు నేబదేండ్లు దాటకమునుపే ప్రపంచయుద్ధముల నడపు నవసరవస్తు వయ్యెను.

ఈ సంస్థానమున 1932 జూను మాసమున నిజాం రైల్వేవారు ఇరువదియేడు బస్సులతో, నూటయరువదియాఱుగురు సిబ్బందితో మోటారు రవాణా మొదలిడిరి. అదియే పెరిగి పెద్దదై నేటి ఆర్టీసీ యైనది. పదేండ్లు గడువకమునుపే కఱవు వచ్చిపడెను. 1941 డిసెంబరున జపానుసేనలు మలయాలో దిగినవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినది. మార్చికి జావాయును పోయెను. అప్పటికి ప్రపంచమున పండు రబ్బరులో పదింట తొమ్మిది పాళ్లు ఆ ప్రాంతములనుండియే వచ్చుచుండెను. అమెరికావంటి సంపన్నదేశమున యుద్ధకాలమందు మొట్టమొదట రేషను పెట్టినది చక్కెరకు గాదు, కాఫీకి గాదు. 1942 జనవరిలో టైరులకు. ఆ జూనుమాసమున నచటి గృహిణులు పాత రబ్బరు బూట్లు, వేడినీళ్ల సంచులు, నడికట్లు మొదలైనవి పెట్రోలు బంకులకు దెచ్చి పౌనుకు సెంటు వంతున నిచ్చిరి. పెట్రోలు రేషను పెట్టుటయు చాలవఱకు టైరులు తక్కువ యరుగుటకే. మన దేశమున 1941లోనే పెట్రోలునకు రేషను వచ్చినది. పిమ్మట టైరులకును వచ్చినది. బస్సు వెనుక బొగ్గుకుంపటివంటి యంత్రమును తగిలించి, ఆ వాయువుతో నడిపిరి. మా అత్తగారి తల్లి ఆ బొగ్గుబస్సు నెక్కిన కథ మా యింట ప్రసిద్ధము. తెల్లవారక పూర్వమే కుంపటి రాజవేసి చేతితో చక్రము త్రిప్పి గాలి కొట్టుదురట. మిట్ట వచ్చినచో మగవారు దిగి నెట్టుదురట. దిగునప్పటికి తెల్లచీర నల్లచీర యగునట!

ఈ కఱవుతో మన తెలుగు స్త్రీల కొక సంబంధ మున్నది. అది చెప్పక విడువజాలము. మలయాదేశపు రబ్బరుతోటలలో పనిచేసినవారు ఎక్కువమంది తమిళులు. వారితోపాటు విశాఖపట్టణము, గోదావరి, చిత్తూరు ప్రాంతములనుండి పోయిన తెలుగువారును వేలకొలదిగా నుండిరి. కంగాణీ యనువాడు ఊరికి వచ్చి, బయానా యిచ్చి, కుటుంబములు కుటుంబములుగ నోడ నెక్కించెడివాడు. రబ్బరుచెట్టు పాలు సూర్యుడు పైకెక్కకమునుపు ధారగా స్రవించును. ఎండ ముదిరిన తగ్గిపోవును. అందుచేత చీకటితోడనే లేచి, బిడ్డను తోటలోని యుయ్యెలమందిరమునకు అప్పగించి, వంపుకత్తితో నొక్కొక్క చెట్టు బెరడును కాగితమంత పలుచగ గీయుచు, చిప్ప నమర్చుచు, నాడువారు వందలకొలది చెట్లు తిరుగవలసి యుండెడిది. రవంత లోతు గీసినచో చెట్టు గాయపడును, కూలి కోసివేయుదురు. లోతు చాలనిచో పాలు రావు. అంతటి నేర్పు గల చేతులకు పురుషునికంటె తక్కువ కూలి.

జపానువారు వచ్చిన పిమ్మట కొనువారు లేక తోటలు మూతబడెను. బియ్యము కఱవయ్యెను. సయాముబర్మా రైలుబాట వేయుటకై తోటల కూలీలను బలవంతముగ గొనిపోయిరి. 415 కిలోమీటరుల యా బాట 1943 అక్టోబరున ముగిసినది. తమిళులు, తెలుగువారు, మలయావారు, బర్మావారు — కలరా చేతను, మలేరియా చేతను, ఆకలి చేతను చనిపోయిన యా కూలీల సంఖ్య, అచట చనిపోయిన శ్వేతజాతి యుద్ధఖైదీల సంఖ్యకంటె నెన్నోరెట్లు. ఖైదీల సమాధులు వరుసలుగ నిలిచి, పేర్లతో నున్నవి. కూలీలలో నధికుల పేర్లు వ్రాసిపెట్టిన వారు లేరు. తోటలలో మిగిలిన భార్యలు చిలగడదుంపలు, కర్రపెండలము నాటి బిడ్డల పెంచిరి. వారి సంతతివారు 1955లో మలయా ఆంధ్రసంఘమును స్థాపించుకొనిరి. నేటికిని మలేషియాలో ఉగాది చేసుకొనుచు, పిల్లలకు తెలుగు నేర్పుకొనుచున్నారు. ఇచట బస్సునకు టైరు లేదని మనవారు వాపోయిన యేండ్లలో, ఆ టైరునకు పాలు దీసిన మనవారి గతి యది.

ఇప్పుడు మన సీమలోనే టైరులు తయారగుచున్నవి. సదాశివపేటయొద్ద ఎం.ఆర్.ఎఫ్. కర్మాగార మున్నది, ఆ సంస్థ 1946లో మదరాసున పిల్లల బెలూనులు చేయుటతో మొదలైనదని చెప్పిన పిల్లలు నవ్వుదురు. తిరుపతిజిల్లా చినపండూరున అపోలోవారిది 2020లోను, అచ్యుతాపురమున యోకోహామావారిది 2022లోను పని మొదలుపెట్టినవి. మారేడుమిల్లి మన్యమున రబ్బరుచెట్లును పెంచుచున్నారు. అయినను కొఱత రాదని చెప్పజాలము. 2021లో వ్రేలిగోరంత చిప్పులు దొరకక ప్రపంచమంతట కార్ల కర్మాగారములు నిలిచినవి. పెండ్లికి కారు కొన్నవారికి శ్రీమంతమునకు బండి వచ్చెనని మా వీధిలో పరిహాస మాడుకొనిరి. అంబాసిడరు కారు 2014 మే మాసమున నుత్తరపారాలో తయారగుట మానెను. నేటికిని దానిని విడువని గృహస్థులు సామానుకై పాతబజారులు గాలించుచునే యున్నారు.

పాతటైరు గూర్చి గృహిణులకు రెండు మాటలు. తెలంగాణపు రైతులు దానితో చెప్పులు కుట్టించుకొనుట మన మెఱుగుదుము. ముండ్లబాటలో వానిని మించినవి లేవు. ట్యూబును నడుమునకు కట్టుకొని బావిలో నీత నేర్వని పిల్లవాడు పల్లెటూళ్లలో నరుదు. ఇవి మంచి యుపయోగములు. పెరటిలో గోడకు జేరవైచి మఱచిపోవుట మాత్ర మెంతమాత్రమును కూడదు. టైరు నేవిధముగ బెట్టినను లోపల గుక్కెడు నీరు నిలుచును. పగటిపూట కుట్టెడు డెంగ్యూదోమ కంతకంటె మంచి పురిటిల్లు లేదు. నీరెండినను దాని గ్రుడ్లు నెలలకొలది చావక యుండి, మరల వాన పడగనే పిల్ల లగును. ఇట్టి దోమజాతి యొకటి పాతటైరుల యోడలలో నాసియానుండి బయలుదేరి 1985లో అమెరికాలోని హ్యూస్టనులో బయల్పడినది. కావున టైరునకు క్రింద తూట్లు పొడిచి మొక్కలు నాటుడు. లేదా కొనువానికి వెంటనే ఇచ్చివేయుడు. భోగినాడు మంటలో వేయు వాడుక కొన్నిచోట్ల వచ్చినది. ఆ నల్లపొగ పసిపిల్లల ఊపిరితిత్తులకు విషము, పిడకలకు కఱవా?

మా సిలిండరు పందొమ్మిదవ దినమున వచ్చినది. అంతవఱకు బండి మెకానిక్కు రేకులపందిరి క్రిందనే యుండెను. ఆ దినములలో మేము మన్నెగూడకు రెండుమాఱులు బస్సుమీద పోయి వచ్చితిమి. 2023 డిసెంబరు 9నుండి తెలంగాణములో స్త్రీలకు టిక్కెట్టు వెల లేదు గదా. సాగరు బాట బస్సులలో కూలికి బోవు తల్లులు, కళాశాల బాలికలు, బోనము బుట్టలు, కరివేపాకు మోపులు — నిలుచుటకు చోటులేకున్నను మాటలకు కొదువలేదు. అత్తగారి వైద్యమునకు మాత్రము ప్రతిమాఱు నాటో పిలిపించితిమి. ఎక్కుట కిద్దఱు పట్టవలసి వచ్చెను. ఒకమాఱు నొప్పికి తాళలేక, "ఇక నన్ను తిప్పకండి" అనెను.

బ్రేకు బిగించిన దినమున బండిని బొంగుళూరు కూడలివఱకు నడిపి చూచితిమి. ఔటరు రింగురోడ్డు వంతెన క్రిందుగ పోయి, త్రిప్పుకొని, వానజల్లు పడుచున్న తడిబాటమీద ఆపి చూపెను మెకానిక్కు. నిలిచినది. వెనుకసీటున అత్తగారు, "మా నాన్న బండి ఎద్దులు గూడ ఇంత మాట వినేవి కావు" అనిరి. పరీక్ష మఱునాడు ముగిసి, కాగితము లైదేండ్లకు వచ్చినవి. మా సోదరి ట్రాలీకిని పత్రము వచ్చినది. మూడవ టైరునకై యామె నెలకింత యని చీటీ కట్టుచున్నది. పాట తనకు భాద్రపదములో రాగలదని యాశపడుచున్నది. ప్రతి యాదివారమును భర్త నిద్రలేవక పూర్వమే చెంబుడు నీళ్లతో ఆ టైరు గాడి కడిగి, గట్టుకును రబ్బరునకును నడుమ నింకను ఎంత యున్నదో గోటితో తాకి చూచుకొనుచున్నది.